మ్యూజియం గది పని, వానలు రాకముందే

అందరికీ నమస్కారం. అక్టోబర్ వానలు పట్టుకునేలోపు మన సంఘం మ్యూజియం గది పని ముగించాలి, లేదంటే ఎండబెట్టిన మొక్కలు అతికించిన షీట్లకు బూజు ఖాయం. పురుగు కనిపించినవాటిని పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం పెడదాం, బయటికి తీశాక మాత్రం ఒక రోజు కవర్ విప్పకండి, చల్లటి కాగితానికి వెంటనే తేమ పట్టేస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాయని మొక్క ఎంత బాగున్నా గోడకు తగిలించుకోడానికే పనికొస్తుంది.

ఇంకో మాట, కొంచెం గట్టిగానే చెప్తున్నా. శేషాచలం కొండల్లో దొరికిందని చచ్చిన బంగారు బల్లిని (బంగారు రంగులో ఉండే అరుదైన బల్లి) సీసాలో వేసి తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చచ్చినవాటికీ వర్తిస్తుంది, అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా మనం ఉంచుకోలేం. ఎర్రచందనం ముక్క సంగతైతే చెప్పనే అక్కర్లేదు! ఫోటో తీసి తేదీ, చోటు రాసి పంపండి చాలు.

తిరుమల కొండ మీద సహజంగా ఏర్పడిన రాతి వంపు శిలాతోరణం గురించి, ఘాట్ రోడ్డు పక్కన రెండు రాతి పొరలు ఏర్పడిన కాలాల మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ కనిపించే చోటు గురించి పిల్లలు చదివేలా తెలుగులో బోర్డు ఎవరు రాస్తారు? చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలలో కట్టేయండి, కరెంటు బిల్లు వచ్చేసింది. ఆదివారం పొద్దున తాళం ఎవరు తీస్తారో ఇక్కడే చెప్పండి.