పరిష్కారమైపోయిన నా సమస్య గురించి: గణాంకాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కరించి వ్రాయునది. మీ నివేదికలోని గ్రాఫులను అంధులు కూడా చదవగలిగేలా ఇప్పించమని ఇప్పటికి మూడుసార్లు సోమవారం అర్జీల వరుసలో నిలబడ్డాను. మూడుసార్లూ ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని నా ఫోనుకు సందేశం వచ్చింది. పరిష్కారమైపోయిన సమస్యతో మళ్ళీ మీ సమయం తీసుకుంటున్నందుకు ముందుగా మన్నించ ప్రార్థన.

నేను మద్దిలపాలెంలో ఉంటూ డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించే అంధ అధ్యాపకుణ్ని. మీ నివేదికలో విశాఖ నెలవారీ వర్షపాతపు కమ్మీ రేఖాచిత్రం (బార్ గ్రాఫ్) దగ్గరికి రాగానే, తెరపై మాటలను చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ ‘గ్రాఫిక్’ అని ఒక్క ముక్క పలికి ముందుకు సాగిపోతుంది. ఇక మా అమ్మాయిని పిలుచుకోవాలి. ‘అక్టోబరు ఎంతుందమ్మా?’ అంటే ‘సెప్టెంబరు కన్నా కొంచెం పొట్టిగా ఉంది నాన్నా’ అంటుంది. ఆ కొంచెం ఎన్ని మిల్లీమీటర్లని అడిగితే, పాపం, తెరకు స్కేలు ఆనించి కొలుస్తుంది. మర్నాడు ఆ స్కేలు లెక్కతోనే నేను పాఠం చెప్పాలి.

మొదటి అర్జీకి ఫలితంగా బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠ్యం, అంటే బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ, చేర్చారు. అందులో ఉన్నది ‘గ్రాఫ్ బొమ్మ’ అనే రెండు మాటలు. రెండో అర్జీ తరువాత బొమ్మను పెద్దది చేశారు. చూపు లేనివాడికి పెద్ద బొమ్మ చేసే ఉపకారమేమిటో మీకే తెలియాలి. మసక చూపున్న నా సహోద్యోగి కూడా దానిని మరికాస్త పెద్దది చేసుకోబోతే అంకెలన్నీ అలుక్కుపోయాయట.

మూడోసారి నిజంగానే నేను కోరిన ఎస్‌వీజీ ఫైళ్ళు ఇచ్చారు. సంతోషంతో మొదటి దానిని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఎస్‌వీజీ అంటే మాటల్లో రాసిన బొమ్మ కనుక, ఏ కమ్మీ ఎక్కడ మొదలై ఎంత ఎత్తు ఉందో చదువుకోవచ్చు. కానీ అందులో అర్థంలేని అక్షరాల వరుస పేజీలకు పేజీలు సాగింది, ఎందుకంటే ఫోటోలాగా వట్టి చుక్కలతో కూర్చిన అదే పాత పీఎన్‌జీ బొమ్మను లోపల కుక్కి పైన ఎస్‌వీజీ అని తోక తగిలించారు. రెండో ఫైలులో కమ్మీలు సరిగానే ఉన్నాయి గానీ, నెలల పేర్లూ అంకెలూ అన్నీ గీతలుగా మారిపోయాయి. కంటికి అది ‘అక్టోబరు’, స్క్రీన్ రీడర్‌కు వట్టి వంకర గీత.

ఇది కోట్ల ఖర్చుతో కూడిన పని కాదండీ. గ్రాఫులు గీసే సాధనాల్లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడితే ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ను ‘నన్’ (none) అని మారిస్తే, ఆర్ (R) వాడితే మామూలు ఎస్‌వీజీ ఆదేశానికి బదులు ఎస్‌వీజీలైట్ వాడితే, అక్షరం అక్షరంగానే మిగులుతుంది. ఆ పైన శీర్షిక, రెండు వాక్యాల వివరణ, ఒక్కో కమ్మీకి నెల పేరూ విలువా చేర్చి, ఫైలును పేజీలో బొమ్మగా అతికించకుండా పేజీ కోడులోనే ఉంచాలి, లేకపోతే లోపలి మాటలు మాకు అందవు. ఎస్‌వీజీ 2001 నుంచీ ప్రమాణంగా ఉన్నదే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో 42వ సెక్షన్ సమాచారం గురించే. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ఇవన్నీ తమకు తెలియనివి కావు.

దయచేసి గ్రాఫులను చదవగలిగేలా ఇప్పించండి. కనీసం ఆ అంకెల పట్టికనైనా పక్కన పెట్టించండి. గ్రాఫు గీసినవారి దగ్గర పట్టిక లేకుండా ఉంటుందా? అడిగిన ప్రతిసారీ బొమ్మే ఎందుకిస్తున్నారో నాకు అంతుబట్టడం లేదు.

వచ్చే సోమవారం నాలుగో అర్జీతో వస్తున్నాను. ఈసారి పరిష్కరించే ముందు ఆ ఫైలును ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అందులో ‘అక్టోబరు’ అన్న మాట దొరుకుతుందేమో వెతికించమని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక అంధ అధ్యాపకుడు,
విశాఖపట్నం.