దుర్గా ఘాట్‌లో నా గాజులు తీసిన అమ్మాయికి

కార్తిక సోమవారం తెల్లవారుజామున విజయవాడ దుర్గా ఘాట్ మెట్ల మీద కాలు జారి పడిన 63 ఏళ్ల ఆవిడను నేనే. నీ పేరు అడగలేదు తల్లీ, ఫోను నంబరూ తీసుకోలేదు. అందుకే నలుగురిలో ఇలా రాయవలసి వచ్చింది.

పడుతూ కుడి అరచేయి మెట్టుకు ఆనించాను. చూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి బోర్లించిన ఫోర్కులా వంగి ఉంది. చుట్టూ చేరినవారిలో ఒకాయన లాగి సరిచేస్తానన్నాడు, ఒకావిడ నూనె పెట్టి రుద్దమంది. నువ్వు మాత్రం "ముందు గాజులు, ఉంగరం తీసేద్దాం ఆంటీ" అన్నావు. ప్రాణం పోతుంటే ఈ పిల్లకు నా బంగారం మీద ధ్యాస ఏమిటా అనుకున్నాను, ఏమనుకోకు. దీపాలకు తెచ్చిన నువ్వులనూనె రాసి మెల్లగా తీశావు. గంట తిరిగేసరికి ఆ వేళ్లు ఎంత వాచాయో నువ్వు చూడలేదు. ఆసుపత్రిలో నా పక్క మంచం ఆవిడ ఉంగరాన్ని కత్తిరించి తీశారు.

పూలమ్మే ఆవిడ దగ్గర పాత పేపరు అడిగి మందంగా మడిచి, ముంజేతి కింద పెట్టి, నీ చున్నీతో మెడకు వేలాడదీశావు. "రేడియస్ విరిగినట్టుంది" అన్నావు. ముప్పై ఏళ్లు బడిలో ముంజేతి ఎముకలు రెండు, రత్ని (రేడియస్), అరత్ని (అల్నా) అని పాఠం చెప్పినదాన్ని, అంత నొప్పిలోనూ "రత్ని అను" అని దిద్దబోయాను. నువ్వు నవ్వావు.

ఆ పాఠం ఇప్పుడు ఒంటికి తెలిసింది. అరత్ని చిటికెనవేలి వైపు, మోచేతి దగ్గర లావు. రత్ని బొటనవేలి వైపు, మణికట్టు దగ్గర వెడల్పు, పడినప్పుడు బరువు ఎక్కువగా దాని మీదే. ప్రసాదానికి చెయ్యి చాపితే రెండూ పక్కపక్కనే ఉంటాయి. ముగ్గు వేయడానికి అరచేయి కిందికి తిప్పితే రత్ని అరత్ని మీదుగా అడ్డం తిరుగుతుంది. ఇలా పడి మణికట్టు దగ్గర రత్ని విరగడాన్ని కోలిస్ ఫ్రాక్చర్ అంటారట. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లోనే వర్ణించాడని డాక్టరుగారు చెప్పారు. ఎక్స్‌రే వచ్చింది 1895లో! ముట్లుడిగాక ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో ఇది మామూలేనట. చివరికి చెయ్యి లాగారు అనుకో, కానీ ఎక్స్‌రే చూసి, మత్తిచ్చి. ఆరు వారాలు పిండికట్టు.

ఆటో అబ్బాయికీ నమస్కారం. ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ "అమ్మా, చెయ్యి పట్టుకోండి" అని చెప్పి మరీ దాటించాడు. పూలావిడ నా చెప్పులు వారం పాటు దాచి ఉంచింది.

కట్టు విప్పారు. వేళ్లు బాగానే ఆడుతున్నాయి, మణికట్టే ఇంకా బిగుసుకుని ఉంది. నీ ఆకుపచ్చ చున్నీ ఉతికి, ఎడమ చేత్తోనే ఇస్త్రీ చేసి, ఆ పూలావిడ దగ్గరే ఉంచాను. ఒక మూల నూనె మరక మాత్రం పోలేదు.