చిగుళ్ల రక్తాన్ని తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు,

ఆర్యా,

ముప్పై ఏళ్లకు పైగా కోనసీమ బడుల్లో పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పిన నాకు, పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో కనిపించే ఎర్రటి చార జబ్బుకు గుర్తని పదవీ విరమణ దగ్గర పడ్డాక గాని తెలియలేదు. బ్రష్ గట్టిది కాబోలు అనుకుని, రక్తం వచ్చే వైపు తోమడం తగ్గించాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. తోమని చోట పాచి పేరుకుని, గట్టిపడి గార అవుతుంది. చిగురు వాచి పంటి నుంచి విడివడుతుంది, ఆ సందులోకి పాచి దిగిన కొద్దీ పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. ఇంత జరుగుతున్నా సాధారణంగా నొప్పి ఉండదు. పిప్పిపన్ను పోటుకు అర్ధరాత్రి అయినా లేచి మందు వెతుక్కునే మనం, చిగుళ్ల విషయంలో పన్ను కదిలే దాకా వైద్యుడి గడప తొక్కము. వాపు, రక్తం మాత్రమే ఉన్న తొలిదశలో శుభ్రం చేయించుకుని సక్రమంగా తోముకుంటే చిగుళ్లు పూర్తిగా కోలుకుంటాయి గాని, కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

నేను మధుమేహ రోగిని కూడా. పన్నెండేళ్లుగా పరీక్షలు చేయించుకుంటున్నాను, మందులు మార్చారు, పాదాలు చూశారు, కళ్లు చూశారు, నోరు తెరవమని మాత్రం ఎవరూ అడగలేదు. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది, చిగుళ్ల వ్యాధి ముదిరితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు చికిత్స చేయించుకున్నవారిలో మూడు నెలల సగటు చక్కెర కొంత తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుచేత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగరు రోగులను చూసేటప్పుడు చిగుళ్లను కూడా ఒక్క నిమిషం చూడాలని వైద్యాధికారులకు నా మనవి.

గార తీయిస్తే పళ్లు వదులైపోతాయన్న భయం మన పల్లెల్లో గట్టిగా ఉంది. నిజానికి పళ్లను వదులు చేసింది ఎముక అరుగుదల. అంతవరకు సందులను కప్పి ఉంచిన గార పోగానే ఆ లోపం బయటపడుతుంది, అంతే. చుట్ట తాగేవారి సంగతి ఇంకా ప్రమాదకరం. లంక పొగాకు పండే మన ప్రాంతంలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. పొగాకు వల్ల చిగుళ్ల రక్తనాళాలు ముడుచుకుని రక్తం కారడం తగ్గుతుంది గనుక, లోపల ఎముక పోతున్నా పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇక పిల్లల విషయం. ఆరో ఏట మొలిచే మొదటి శాశ్వత దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనుక నుంచి వస్తుంది. అది పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుంది కదా అని తల్లిదండ్రులు పట్టించుకోరు. జీవితాంతం నమలవలసిన పన్ను అది. లంకల గన్నవరంలో ఆకలన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరిట నేడు రాష్ట్రమంతటా మధ్యాహ్న బడి భోజనం సాగుతోంది. పళ్లకు అంటుకునే చిక్కీ పెట్టిన రోజున, తిన్న తరువాత కుళాయి దగ్గర పిల్లలందరి చేతా నోరు పుక్కిలింపజేయడానికి రూపాయి ఖర్చు లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే బృందాలు పళ్లతో పాటు చిగుళ్లనూ చూసి, రక్తం కారుతున్న పిల్లల పేర్లు రాసి తల్లిదండ్రులకు తెలియజేయాలి.

ఏడాదికి ఒకసారి శిబిరం పెట్టి, పేస్టు, బ్రష్ పంచి, ఫొటో తీసుకుని వెళ్లడం వల్ల అలవాటు ఏర్పడదని నా అనుభవం. భీమవరం, రాజమహేంద్రవరంలలోని దంత వైద్య కళాశాలలు కొన్ని బడులను ఎంచుకుని, ఒకే బడికి మూడు నెలలకొకసారి మళ్లీ మళ్లీ వచ్చి, కిందటిసారి చూసిన పిల్లలనే తిరిగి చూడాలని కోరుతున్నాను. రాత్రి పడుకునే ముందు తోముకోవడం ఎంతమందికి అలవాటైందో అప్పుడే తేలుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అమలాపురం