తెల్ల మచ్చ నడుమ సిర

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

పార్శ్వపు నొప్పితో వచ్చిన పేషెంటుకు ఎమ్మారైలో తెల్ల మచ్చలు కనబడితే రిపోర్టులో, మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ మాట ఎత్తాలా అని అడిగావు. మచ్చలు లెక్కపెట్టి తేల్చే విషయం కాదిది. పార్శ్వపు నొప్పి, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలోనూ, వయసు పైబడినవాళ్లలోనూ ఫ్లెయిర్ అనే రకం ఎమ్మారై చిత్రాల్లో అటువంటి తెల్లదనమే కనిపిస్తుంది. అవి ఎక్కడున్నాయో ముందు చూడు: మెదడులో ద్రవం ఉండే గదులైన వెంట్రికల్స్‌ను ఆనుకునా, మెదడు పై పొర అయిన కార్టెక్స్ అంచునా, మెదడు కాండం, చిన్నమెదడులలోనా, వెన్నుపాములోనా. ఈ జబ్బు నిర్ధారణకు వాడే 2024 మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు దృష్టి నాడిని ఐదవ చోటుగా చేర్చాయి.

ఆ తరువాత చూడవలసింది సిర. ఈ జబ్బులో రక్షక కణాలు చిన్న సిరల గోడలు దాటి వచ్చి, వాటి చుట్టూనే నాడీ తంతువులను కప్పే మైలిన్ పొరను దెబ్బతీస్తాయి కనుక చాలా మచ్చల నడుమ సిర ఉంటుంది. 1863లోనే జర్మన్ వైద్యుడు రిండ్‌ఫ్లైష్ మచ్చల మధ్య రక్తనాళాన్ని గమనించాడు. బతికున్న మనిషిలో అది కనబడాలంటే మాత్రం, ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని నల్లగా చూపే ఎస్‌డబ్ల్యూఐ వంటి ఎమ్మారై సీక్వెన్స్‌ను పల్చని స్లైసుల్లో తీయించాలి. నడుమ సిర ఉన్న మచ్చలు కనీసం ఆరు ఉంటే ‘సిర గుర్తు’ ఉన్నట్టే. ఆరుకు తగ్గితే, సిర ఉన్నవి లేనివాటికన్నా ఎక్కువుండాలి. కొన్ని మచ్చల చుట్టూ ఇనుము నిండిన మైక్రోగ్లియా (మెదడులోని రక్షక కణాలు) వల్ల నల్లని అంచు కూడా కనిపిస్తుంది. అది పేషెంట్లందరిలోనూ ఉండదు, కానీ ఇతర జబ్బుల్లో అరుదు.

నా మట్టుకు సిర గుర్తు అసలు విలువ జబ్బు ఉందనడంలో కన్నా, ఈ మచ్చలు దానివి కాకపోవచ్చని హెచ్చరించడంలోనే ఉంది. ఎందుకంటే పొరపాటున ఈ పేరు పడితే, రోగనిరోధక శక్తిని అణచే మందులను ఆ మనిషి అనవసరంగా ఏళ్ల తరబడి వాడవలసి వస్తుంది. మా రోజుల్లో ‘డీమైలినేషన్ కావచ్చు’ (అంటే మైలిన్ దెబ్బతిని ఉండవచ్చు) అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకునేవారు. ఆ ముక్క ఇంట్లోవాళ్లను ఎంత కుదిపేస్తుందో రాసినవారికి తెలిసేది కాదు. లక్షణాలు, పరీక్షలు కలిపి రోగనిర్ధారణ చేయవలసినది న్యూరాలజిస్టే కనుక, వారికి పనికొచ్చేలా మచ్చల చోట్లు, సిర ఉన్నవాటి సంఖ్య, వాడిన సీక్వెన్స్ స్పష్టంగా రాయి. సిర కనబడనప్పుడు ‘ఎస్‌డబ్ల్యూఐ తీయలేదు’ అనో, ‘తీశాము, కనబడలేదు’ అనో విడిగా పేర్కొను; ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

మీ నాన్న