వరద బండ్లకు నేను వేసిన సోల్డర్ స్లీవ్‌లు: ఒకసారి తెచ్చి చూపించండి

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో మన వైరింగ్ షాపు నుంచి రాస్తున్నా. మెసేజ్ కొంచెం పొడుగ్గానే ఉంటుంది. కానీ 2024 సెప్టెంబర్ వరదల తర్వాత నా దగ్గర వైరింగ్ చేయించుకున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. తప్పు నాది, సరిచేసే ఖర్చు కూడా నాదే.

విజయవాడలో ఆ రోజులు ఎవరు మర్చిపోతారు. బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీసిన మర్నాటి నుంచి షాపు ముందు ఆటోలు, కార్లు, ట్రాలీలు వరసకట్టాయి, ఫోన్ ఎత్తితే "అన్నా నా బండి ఎప్పుడిస్తావ్" తప్ప ఇంకో మాట లేదు. తాడు కట్టి లాక్కొచ్చినవి కొన్ని, అదీ కుదరక మేమే సంచీ తగిలించుకుని వెళ్లి వీధిలోనే చేసినవి కొన్ని. ఒక్కో బండిలో పది, పదిహేను జాయింట్లు, కొన్నింట్లో ముప్పై దాకా. అలాంటప్పుడు నాకు చేతికొచ్చిన వరంలా కనిపించింది ఈ హీట్ ష్రింక్ సోల్డర్ కనెక్టర్. ఆన్‌లైన్‌లో డబ్బాలకు డబ్బాలు తెప్పించాను.

చూడనివాళ్లకు చెబుతా. సన్నటి గొట్టం లాంటి పారదర్శకమైన స్లీవ్, మధ్యలో వెండి రంగు సోల్డర్ (వేడికి కరిగి వైర్లను అతికే లోహం) రింగు, రెండు చివర్లా రంగు గీతల్లా కనిపించే జిగురు. సన్న వైరుకు తెలుపు, ఆపైన ఎరుపు, ఆపైన నీలం, లావు వైరుకు పసుపు. రెండు వైపుల నుంచీ వైరు కొసలు లోపలికి దూర్చి, పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసేలా నొక్కి, హీట్ గన్ పెడితే స్లీవ్ ముడుచుకుంటుంది, సోల్డర్ కరిగి పోగుల్లోకి పాకుతుంది, జిగురు కరిగి నీళ్లు పోకుండా అంటుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేదు, టేపు అక్కర్లేదు, నిమిషంలో జాయింట్ అయిపోతుంది. చూడ్డానికి కూడా కంపెనీ పనిలా నీటుగా ఉంటుంది. మీలో చాలామంది బానెట్ ఎత్తి చూసి మెచ్చుకున్నారు కూడా, నాకు ఇప్పుడు సిగ్గేసేది అదే.

ఎండలు ముదిరాక బండ్లు తిరిగి రావడం మొదలైంది. మొదటిది ఒక కారు, హైదరాబాద్ రోడ్డు మీద గంట నడిచాక ఎడమ హెడ్‌లైట్ డల్ అయిపోతుంది, బండి ఆపి టీ తాగి వచ్చేసరికి మళ్లీ మామూలే. బల్బు మార్చాను, రిలే మార్చాను, ఎర్త్ శుభ్రం చేశాను, డబ్బులు కూడా తీసుకున్నాను (ఆయనకు తిరిగి ఇచ్చేశాను లెండి). మూడోసారి వచ్చినప్పుడు నేను వేసిన స్లీవ్ పట్టుకుని మెల్లగా లాగితే వైరు చేతిలోకి వచ్చేసింది. పైన పటారం, లోన లొటారం. బ్లేడుతో చీల్చి చూస్తే సోల్డర్ ఒక పక్కన ముద్దలా కూర్చుంది, పోగులేమో నల్లగా అలాగే ఉన్నాయి, ఇన్నాళ్లూ పట్టుకుని ఉన్నది జిగురు ఒక్కటే. అదే వారంలో ఇంకో కారు, రేడియేటర్ ఫ్యాన్ వైరు. అది వదిలిపోలేదు, మెత్తబడింది. స్లీవ్ గోధుమ రంగుకు తిరిగి, లోపల సోల్డర్ కిందకు జారి చుక్కలా వేలాడుతోంది.

అప్పుడు కూర్చుని, పాత బండ్ల నుంచి విప్పిన స్లీవ్‌లన్నీ టేబుల్ మీద వేసి, ఒక్కొక్కటీ కోసి చూశాను. తేలింది ఇదీ.

ముందు చిలుము సంగతి. వరద నీళ్లు వైరు కొస దగ్గర ఆగవు, దీపం వత్తి నూనె పీల్చినట్టు తొడుగు లోపల పోగుల వెంబడి పైకి పాకుతాయి. జానెడు కోసి చూసినా రాగి నల్లగానే ఉంటుంది, కొన్నింట్లో మూర దాకా. నల్లబడ్డ రాగికి సోల్డర్ అంటదు. ఐరన్ పెట్టి చేసేటప్పుడైతే ఫ్లక్స్ (రాగి మీద చిలుము తీసి సోల్డర్ పట్టేలా చేసేది) దండిగా వాడతాం, పోగులకు సోల్డర్ పట్టిందో లేదో కంటికి కనిపిస్తుంది. స్లీవ్‌లో ఉండే ఫ్లక్స్ రవ్వంత, అది మెరిసే కొత్త రాగికి సరిపోతుందేమో గానీ బుడమేరులో నానిన వైరుకు ఏ మూలకి? నేను ఎర్రటి రాగి కనపడే దాకా కోసి కొత్త ముక్క అతకాల్సింది. టైమ్ లేదని అంగుళం కోసి స్లీవ్ తొడిగేశాను.

రెండోది వేడి పెట్టిన తీరు. షాపులో హీట్ గన్ ఉంది, వీధిలో కరెంటు లేదు, అక్కడ మావాళ్లు సిగరెట్ లైటర్‌తో పని కానిచ్చారు. లైటర్ మంట ఒక్క పక్కనే తగులుతుంది. స్లీవ్ ముందే ముడుచుకుపోతుంది, జిగురు కారిపోతుంది, అయిపోయిందనుకుని తీసేస్తాం, సోల్డర్ సగమే కరిగి ఉంటుంది. ఇంకాస్త పెడదామంటే పక్కన వైరు తొడుగు మాడుతుంది. కుర్రాళ్లను అనను, లైటర్లు కొనిచ్చింది నేనే.

మూడోది తెలిశాక మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ డబ్బా మీద సన్న అక్షరాల్లో 138 డిగ్రీలు అని ఉంది, నేను అప్పట్లో చదవలేదు. ఈ రకం స్లీవ్‌లలో ఉండేది తగరం, బిస్మత్ కలిపిన సోల్డర్, తొందరగా కరగాలని అలా చేస్తారు. మనం మామూలుగా వాడే 60/40 సోల్డర్‌లో ఉండేది తగరం, సీసం, అది మెత్తబడటం మొదలయ్యేదే 183 డిగ్రీల దగ్గర. ఇంజిన్ పక్కన, బానెట్ మూసి, మే నెల ఎండలో ఏసీ వేసి ట్రాఫిక్‌లో నిలబడితే వంద డిగ్రీలు దాటే మూలలు ఉంటాయి. 138కి అది మరీ దూరమేం కాదు. దానికి తోడు జాయింట్ సరిగా లేకపోతే అదే సొంతంగా వేడెక్కుతుంది. పదిహేను ఆంప్స్ లాగే ఫ్యాన్ వైరులో జాయింట్ దగ్గర 0.3 వోల్టులు పోతున్నాయంటే నాలుగున్నర వాట్లు ఆ అంగుళం ముక్కలోనే వేడిగా మారుతున్నట్టు లెక్క.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కొందరి బండ్లకు, అంటే బాగా కావలసినవాళ్లకు, ఏళ్ల తరబడి నా దగ్గరికే వచ్చేవాళ్లకు, పని ఇంకాస్త గట్టిగా ఉండాలని వైరు కొసలకు ముందు మన సీసం సోల్డర్ పూసి, ఆ తర్వాత స్లీవ్ వేశాను. తగరం, సీసం, బిస్మత్ మూడూ కలిస్తే ఆ సోల్డర్‌లో 96 డిగ్రీలకే కరిగిపోయే భాగం తయారవుతుంది. నీళ్లు మరిగేంత వేడి కూడా అక్కర్లేదన్నమాట. వదిలేసినవాటి కంటే నేను ప్రేమగా చేసినవే ముందు జారిపోయాయి. ఆ ఫ్యాన్ వైరు అలాంటిదే.

ఆ స్లీవ్‌లే పనికిరానివని నేను అనట్లేదు. ఇలాంటివి విమానాల వైరింగ్‌లో కూడా షీల్డ్ (వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఎర్త్ చేయడానికి వాడతారు, కాకపోతే అవి నాణ్యత పరీక్షలు దాటి వచ్చిన సరుకు, నేను కొన్నది ఏ పేరూ లేని డబ్బా. ఇప్పటికీ స్పీకర్ వైరు, రివర్స్ కెమెరా, నంబర్ ప్లేట్ లైటు లాంటివాటికి, అంటే రెండు మూడు ఆంప్స్ లోపు, బండి లోపలి వైపు, కొత్త రాగి మీద, హీట్ గన్‌తో వేస్తే అదే స్లీవ్ శుభ్రంగా పనిచేస్తుంది. బానెట్ కింద మాత్రం నా చేత్తో ఇక వేయను. హెడ్‌లైట్, ఫ్యాన్, ఫ్యూయల్ పంపు, ఆల్టర్నేటర్, సెల్ఫ్, వీటి దరిదాపులకు రానివ్వను.

వాటి బదులు ఇప్పుడు చేస్తున్నది క్రింపింగ్, అంటే వైరు కొసలను చిన్న లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి బిగించడం. తొడుగు లేని బట్ కనెక్టర్ (ఆ గొట్టమే), రాచెట్ ప్లయర్‌తో నొక్కడం, లాగి చూడటం, పైన జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు. బండ్ల కంపెనీలు కూడా హార్నెస్‌లో (బండి వైర్ల కట్టలో) వైర్లను చాలావరకు క్రింప్ చేసో, అల్ట్రాసోనిక్ వెల్డింగ్ చేసో కలుపుతాయి గానీ సోల్డర్ జోలికి పోవు. సోల్డర్ పాకినంత మేర పోగులు కడ్డీలా బిగుసుకుపోతాయి, ఇంజిన్ అదురుకు సరిగ్గా ఆ గట్టి భాగం అంచు దగ్గరే తెగుతాయి. అలాగని మామూలు కటింగ్ ప్లయర్‌తో నలిపేసే క్రింపు స్లీవ్ కంటే అన్యాయం, కాబట్టి ఎక్కడైనా చేయించుకుంటే ఏ ప్లయర్ వాడుతున్నారో ఓ కంట చూడండి. రాచెట్ ప్లయర్ పూర్తిగా నొక్కితే గానీ వదలదు, అందుకే అది.

సరే, మీ బండి సంగతి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ డిసెంబర్ దాకా నా దగ్గర వైరింగ్ చేయించుకున్న ఏ బండైనా తీసుకురండి. ప్రతి స్లీవ్ వెతికి, లైట్లు, ఫ్యాన్ ఆన్ చేసి లోడ్ మీద జాయింట్‌కు అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టి చూస్తాను. మీటర్ మీ ముందే పెడతాను, మీరే అంకె చదువుకోండి. బానెట్ కింద ఉన్నవాటిని మీటర్ బాగుందన్నా సరే కోసి పారేసి క్రింప్ చేస్తాను. లోపలి వైపు 0.1 వోల్టు దాటినవి మారుస్తాను, మిగతావి వదిలేస్తాను. లేబర్ లేదు, మెటీరియల్ డబ్బులు లేవు. నా జాయింట్ వల్ల కాలిన హోల్డరు, రిలే ఉంటే అవీ నావే. కానీ వరదకు పాడైన ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), మీటర్ బోర్డు నా ఖాతాలో వేయకండి, అంత శక్తి నాకు లేదు, అది కూడా ఇప్పుడే చెప్పుకోవడం మంచిది.

మీరే స్లీవ్ లాగి చూడొద్దు, ముఖ్యంగా స్టీరింగ్ కింద పసుపు రంగు వైర్లు కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి నేను జాయింట్ వేయలేదు, వేయను కూడా, ఎవరైనా వేసి ఉంటే షోరూమ్‌లో హార్నెస్ మార్పించుకోవాల్సిందే. హెడ్‌లైట్ వేడి మీద డల్ అవుతున్నా, ఫ్యాన్ ఒక్కోసారి తిరగకపోతున్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తున్నా ఆగకుండా ఫోన్ చేయండి, వాళ్లను ముందు పిలుస్తాను. నూట పది వాట్ల బల్బులు వేయించుకున్నవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు.

ఇంకో మాట, రేట్ల గురించి. ఇకమీదట కొత్త పనికి జాయింట్‌కు 60 రూపాయలు, ఇదివరకు గుత్తగా మాట్లాడుకునేవాళ్లం. నల్లబడ్డ వైరు ఉంటే ఎర్రటి రాగి వచ్చే దాకా మార్చాకే జాయింట్ వేస్తాను, దానికి వైరు డబ్బులు వేరే. "సాయంత్రానికి ఇచ్చెయ్ అన్నా" అంటే కుదరదు, రేపు అంటాను, కోపం తెచ్చుకోకండి. వేరే షాపులో తక్కువకు చేస్తానంటే చేయించుకోండి, నేనేం అనుకోను.

రోజుకు నాలుగు బండ్లే తీసుకుంటున్నా, ఆటో వాళ్లకు కిస్తీలు ఉంటాయి కాబట్టి నాలుగింట్లో రెండు ఆటోలకే. వచ్చే ముందు ఫోన్ చేయండి, ఆదివారం షాపు లేదు. పొద్దున్నే ఎనిమిదిన్నరకు తెస్తే మంచిది, మధ్యాహ్నం వస్తే ఇంజిన్ చల్లారే దాకా గంటసేపు ఊరికే కూర్చోవాలి. అప్పటి బిల్లు లేదా ఫోన్‌లో దాని ఫోటో ఉంటే తెండి, లేకపోయినా పర్లేదు, నా స్లీవ్‌లను నేను గుర్తుపడతాను.