ముక్కు గొట్టం ఎక్కడుందో చప్పుడు విని తేల్చొద్దు

సంపాదకులకు నమస్కారం.

నోటితో మింగలేని రోగికి ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు వేయడం నర్సింగ్‌లో తొలినాళ్లలోనే నేర్పే పని. అయితే అది పొట్టలోనే ఉందని తేల్చుకునే తీరు చాలాచోట్ల ఇప్పటికీ ప్రమాదకరంగా ఉంది. సిరంజితో 10, 20 మిల్లీలీటర్ల గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, ‘బుస్సు’మని వినిపించగానే ఆహారం పోసేస్తున్నారు.

ఆ చప్పుడును నమ్మకూడదు. గొట్టం కొస ఊపిరితిత్తి అడుగున ఉన్నా, అన్నవాహికలోనే ఆగిపోయినా గాలి శబ్దం పొట్ట మీద అలాగే వినిపించవచ్చు. రోగి దగ్గలేదు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. స్పృహ లేనివారికి, పక్షవాతంతో మింగే శక్తి పోయినవారికి గొట్టం శ్వాసనాళంలోకి దిగినా దగ్గు రాకపోవచ్చు. తరచుగా గొట్టం పడేది వీళ్లకే. గొట్టం బయటి చివరను నీళ్లలో ముంచి బుడగలు చూడటమూ, లిట్మస్ కాగితమూ అంతే. బ్రిటన్‌లో నేషనల్ పేషెంట్ సేఫ్టీ ఏజెన్సీ ఈ పద్ధతులు వాడవద్దని 2005లోనే హెచ్చరించింది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ముక్కు కొన నుంచి చెవి తమ్మెకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొసకు కొలిచి, అంత పొడవు వేయాలి. ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు ఉందో కేస్‌షీట్‌లో రాయాలి. తర్వాత సిరంజితో కాస్త ద్రవం వెనక్కి లాగి పీహెచ్ స్ట్రిప్ (ఆమ్లత ఎంతో రంగుతో చూపే కాగితపు పట్టీ) మీద వేయాలి. పొట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి అక్కడి ద్రవం పీహెచ్ తక్కువగా ఉంటుంది. 1 నుంచి 5.5 మధ్య ఉంటేనే ఆహారం మొదలుపెట్టాలి. ఇది తేలేదాకా గొట్టంలో చుక్క నీళ్లు కూడా పోయకూడదు.

ద్రవం రాకపోతే చాలామంది అక్కడే విసిగి స్టెతస్కోపు అందుకుంటారు. కొస పొట్ట గోడకు అతుక్కుని ఉండవచ్చు. వీలైతే రోగిని ఎడమ పక్కకు తిప్పి, 15 నుంచి 30 నిమిషాలు ఆగి మళ్లీ లాగితే తరచుగా వస్తుంది. ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ వంటి మందులు వాడుతున్నా, అంతకుముందే ఆహారం పోసి ఉన్నా పీహెచ్ పెరుగుతుంది. అనుమానం తీరకపోతే ఎక్స్‌రే తీయించాలి, దాన్ని చదవడం తెలిసిన డాక్టరు చూడాలి. ఆ ఎక్స్‌రే తీసిన క్షణానికే సాక్ష్యం. వాంతి అయినా, గట్టి దగ్గు వచ్చినా, ముక్కు మీది ప్లాస్టర్ ఊడినా గొట్టం జరిగి ఉండవచ్చు. అందుకే ప్రతిసారీ ఆహారానికి ముందు సెంటీమీటర్ల గుర్తు, పీహెచ్ మళ్లీ చూడాలి.

ఆహారం పోసే పని బంధువులకు అప్పగించే వార్డుల గురించి ఒక మాట. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలని, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలని వాళ్లకు చెప్పేవారు ఉండాలి. సిరంజి పిస్టన్ తీసేసి, ఎత్తి పట్టుకుని, ద్రవాన్ని దానంతట అది దిగనివ్వాలి, నొక్కి ఎక్కించకూడదు. చివర 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయకపోతే గొట్టం మూసుకుపోతుంది. నీళ్లకు పరిమితి ఉన్న రోగికి ఎంత పోయాలో డాక్టరే చెప్పాలి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను నూరి పోస్తే రోజంతా పనిచేయాల్సిన మోతాదు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మధ్యలో దగ్గు, ఆయాసం, పెదవులు నీలబడటం కనిపిస్తే వెంటనే ఆపి నర్సును పిలవాలి.

స్ట్రిప్‌లు లేకుండా చప్పుడు విని చూసుకొమ్మంటే ఆ తప్పు నర్సుది కాదు, స్టోర్స్‌ది. గొట్టం వేసే ట్రేలోనే పీహెచ్ స్ట్రిప్‌లు ఉండేలా ఆస్పత్రి యాజమాన్యాలు చూడాలి. ఎన్ని సెంటీమీటర్లు, పీహెచ్ ఎంత, ఎవరు చూశారు అన్న మూడు గడులు ఆహారం చార్టులో అచ్చు వేయించాలి. గొట్టంతో ఇంటికి పంపే రోగి బంధువుల చేత నర్సు ఎదుటే ఒకసారి పోయించి చూశాకే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టాలి.

– నర్సింగ్ అధ్యాపక బృందం