ఒగ్గు కథ ఎన్ని గంటలకు?

సంపాదకులకు నమస్కారం.

సెలవులకు మా మనవడు రామంతాపూర్‌లో మా ఇంటికొచ్చాడు. పొద్దున పదకొండు దాటితే గల్లీలో కుక్క కూడా కనపడని ఎండలు, ఇక వాడికి ఫోన్ లేదంటే టీవీ. మొన్న రిమోట్ నొక్కుకుంటూ పోతుంటే దూరదర్శన్ యాదగిరి చానెల్లో ఒగ్గు కథ తగిలింది. మార్చమంటాడనుకున్నా, మార్చనివ్వలేదు. కథ చెప్పే ఆయన అప్పటిదాకా రాజులా గర్జించి, అంతలోనే భుజమ్మీది కండువా తలమీదికి లాక్కొని తల్లిలా ఏడుస్తుంటే "తాతా, ఇద్దరూ ఆయనేనా?" అని ఒకటే ప్రశ్నలు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకమని, మల్లన్న కథ, బీరప్ప కథ తరతరాలుగా కురుమలు, గొల్లలే చెప్తున్నారని నాకు తెలిసినంత చెప్పా. జనగామ వైపు చుక్క సత్తయ్య గారని పెద్ద కళాకారుడుండేవారు, 2017లో పోయారు, ఆయన గురించీ చెప్పా. మళ్లీ ఎప్పుడొస్తుందంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా ఇంటినుంచి దూరదర్శన్ కేంద్రానికి నడిచి పోవచ్చు. 1977లో మొదలైంది. మా చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రం చిత్రలహరి టైము ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు, చెప్పకుండానే గల్లీ అంతా టీవీ ఉన్న ఇంట్లో చేరేది (చెప్పులు మారిపోయేవి, అది వేరే కథ). అప్పుడున్నది ఒక్క చానెలే, నిజమే. కానీ ఆ వారం, ఆ గంట కూడా మారేవి కావు కదా.

దూరదర్శన్ వాళ్లను నేనడిగేది పెద్దదేం కాదు. బడులు తెరిచే జూన్ దాకా రోజూ పదకొండింటికి ఒక గంట పిల్లలకని పెట్టండి. ఒగ్గు కథ, చిందు యక్షగానం, పేరిణి నాట్యం, పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం. ఇన్నేళ్ల కేంద్రం, పాత రికార్డింగులకు కొదవుండదు, కొత్తగా ఖర్చు పెట్టక్కర్లేదు. మొదట్లో ఎవరో ఒకరు ఆ వాయిద్యం చేతిలో పట్టుకొని ఇది ఇట్లా మోగుతుందని చూపిస్తే చాలు. పోటీలు వద్దు, జడ్జీలు అసలే వద్దు. పిల్లలు ఏడుస్తుంటే కెమెరా ముఖమ్మీదికి తెచ్చే షోలు చూసి చూసి విసుగొచ్చింది. యూట్యూబ్‌లో ఉంటాయిగా, 2024లో ప్రసార భారతి వాళ్ల వేవ్స్ యాప్ కూడా వచ్చిందిగా అంటారేమో. వాడి చేతికి ఫోనిస్తే రెండో నిమిషంలో రీల్స్‌లో తేలతాడు, టీవీలో అయితే నేను పక్కన కూర్చుంటా.

కేబుల్ వాళ్లకూ ఒక మాట. దూరదర్శన్ చానెళ్లు తప్పనిసరిగా ఇవ్వాలని 1995 నాటి చట్టంలోనే ఉంది. ఇస్తున్నారు, కాదనను, కానీ మా ఆపరేటర్ యాదగిరిని లిస్టులో ఎక్కడో అడుగున పెట్టాడు, నంబరు గుర్తుంచుకోవడం నా వయసువాడికి పెద్ద టెన్షన్.

ఇక మీ పేపరు సంగతి. టీవీ కాలమ్‌లో రోజూ సినిమాల టైములు వేస్తారు, ఏ చానెల్లో ఏ హీరోదో కూడా. అక్కడే ఒక్క లైను, ఈరోజు ఒగ్గు కథ ఎన్నింటికని వేయండి. పదకొండింటికైతే మావాడి టిఫిన్ కూడా అయిపోయి ఉంటుంది.

– ఒక పాఠకుడు, రామంతాపూర్, హైదరాబాద్